అరుదైన వాల్వూ, అంతకంటే అరుదైన మండలీ

దొరకని వస్తువు కోసం వెతకడం ఒక రకం బాధ. ఆ వస్తువు కళ్ళెదురుగా బీరువాలో కూర్చుని ఉండగా, "ఇది దొరకదండీ" అని ఆ బీరువా తాళంచెవి జేబులో పెట్టుకున్న పెద్దమనిషే చెప్పడం ఇంకో రకం. మొదటిదానికి ఓపిక ఉంటే చాలు. రెండోదానికి ప్రభుత్వం కావాలి.

నా పేరు భీమశంకరం. బెజవాడలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్తాను. మిగతా టైములో సోల్డరింగు ఐరన్‌తో వేళ్ళు కాల్చుకుంటాను. ఇంట్లో చాలా ఆంప్లిఫయర్లు కట్టాను. వాటిలో పాట వినిపించినవి రెండో మూడో అని మా ఆవిడ అంటుంది. ఆవిడ మాట పట్టించుకోనక్కర్లేదు. పాట మోగితే చాలనుకునే రకం, ఎలా మోగుతోందో ఆవిడకి అనవసరం.

ఈసారి కట్టేది మాత్రం నా సరదా కోసం కాదు. మా పక్క పోర్షనులో కొల్లూరి సామ్రాజ్యం గారని ఒక పెద్దావిడ ఉంటారు. ఒకప్పుడు బుర్రకథ దళం నడిపిన మనిషి. భుజాన తంబురా, వేళ్ళకి అందెలు, అటూ ఇటూ డక్కీలు కొట్టే ఇద్దరు వంతలు. మైకు లేకుండా ఆవిడ గొంతు మూడు వీధులకి వినపడేదట. "అట" అని ఎందుకంటున్నానంటే నేను వినలేదు. గొంతులో గడ్డ లేస్తే డాక్టర్లు కోసి తీశారు. ప్రాణం మిగిలింది, గొంతు మిగల్లేదు. ఇప్పుడావిడ మాట్లాడితే చెవి దగ్గరగా పెట్టి వినాలి.

ఆవిడ దగ్గర ఒక పాత స్పూలు టేపు ఉంది. ఎప్పుడో జిల్లా స్థాయి ప్రభుత్వ ఉత్సవంలో రికార్డు చేసినది. ఏదో ఆఫీసులో చెత్త తీసేస్తుంటే అట్ట మీద పేరు చూసి అటెండరు తెచ్చి ఇచ్చాడట. "బుర్రకథ, సామ్రాజ్యం దళం" అని రాసుంది. ఆవిడ గొంతు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు.

ఒకరోజు సాయంత్రం ఆ టేపు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఒక్కసారి వినిపించు శంకరం. స్టేజీ మీద నిలబడినోళ్ళకి జనం వినపడతారు గానీ, సొంత గొంతు వినపడదయ్యా. ఈ బిల్డింగులో కొత్తగా వచ్చినోళ్ళంతా నన్ను పుట్టుమూగ అనుకుంటన్నారు. ఈ మధ్య నాకే అనుమానమొస్తంది, నిజంగా పాడానా, పాడాననుకున్నానా అని."

ఆ మాట విన్నాక కాదనడానికి నాకు నోరు రాలేదు. పాత ఇనప సామాన్లలోంచి ఒక స్పూలు టేపురికార్డరు పట్టుకొచ్చాను. మోటారు తిరుగుతోంది, హెడ్ బాగుంది, లోపల సర్క్యూటు మాత్రం మాడి మసయింది. సరే, సర్క్యూటు నేను కడతాననుకున్నాను. ఇప్పుడు దొరికే చిన్న చిన్న బోర్డులు తగిలించి పనికిరాని టేపొకటి వేసి చూస్తే రేకుల మీద వాన పడుతున్న చప్పుడు తప్ప ఇంకేం రాలేదు. ఆ హెడ్ పాతకాలపు వాల్వుకి తగ్గట్టు చేసింది, ఇంకోదానితో కాపురం చెయ్యదు. దానికి కావలసింది ఈఎఫ్ ఎనభై ఆరు అనే వాల్వు. బొటనవేలంత గాజు బుడ్డి, లోపల చిన్న దీపం. పైగా ఆ టేపు ముట్టుకుంటే పొట్టు రాలుతోంది. ఎన్నిసార్లు తిరుగుతుందో దేవుడికే తెలియాలి, ప్రయోగాలు చేసే వీల్లేదు.

వాల్వు కోసం వన్‌టౌనులో తిరగని కొట్టు లేదు. హైదరాబాదు వెళ్ళి కోఠీలో గుజరాతీ గల్లీ అంతా గాలించాను. ఒక కొట్టతను ఆ నంబరు విని, వాళ్ళ నాన్నగారి స్నేహితుణ్ణి చూసినట్టు లేచి నిలబడ్డాడు, వాల్వు మాత్రం లేదన్నాడు. నెట్‌లో ఒకడు వాల్వు ఫొటో పెట్టి అమ్ముతానన్నాడు. పార్సిలు విప్పితే ఫొటోయే ఉంది. చివరికి వన్‌టౌనులో రేడియోలు బాగుచేసే మస్తాన్‌గారు అసలు సంగతి చెప్పాడు.

"ఎనభై ఆరు ఇంక దొరకదు సార్. మంచియ్యన్నీ మండలోళ్ళు పట్టుకుపోయారు, కాపాడతారంట."

"ఎవరి నుంచి?"

"మన నుంచే సార్."

ఆ విధంగా అరుదైన విడిభాగాల పరిరక్షణ మండలి గురించి నాకు తెలిసింది. ఒక పెద్దాయన విదేశం వెళ్ళి, అక్కడ గాజుపెట్టెలో పెట్టిన పాత వాల్వుని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. తిరిగొచ్చి, మన వాల్వులు ఏమైపోతున్నాయని అడిగాడట. ఏమైపోతున్నాయో ఎవరికీ తెలియదు కాబట్టి తెలుసుకోవడానికి ఒక మండలి పెట్టారు. ఒక బంగళా, నాలుగు ఏసీలు, ఒక వ్యాను ఇచ్చారు. వ్యాను మూతబడ్డ రేడియో కొట్లన్నీ తిరిగి వాల్వుల్ని పోగుచేసింది. గోడ మీద పెద్ద అక్షరాలతో "వాడవద్దు, కాపాడుదాం" అని రాయించారు.

సీనియర్ పరిరక్షణాధికారి నిరంజనరావు గారు నన్ను సాదరంగా కూర్చోబెట్టారు. ఎదురుగా అద్దాల బీరువా, అందులో దూది పొత్తిళ్ళలో ఈఎఫ్ ఎనభై ఆరులు, పురిటి వార్డులో పసిపిల్లల్లాగా వరసగా పడుకుని ఉన్నాయి. చూసేసరికి నా ప్రాణం లేచొచ్చింది. ఒక్కటి ఇప్పించమన్నాను.

ఆయన జాలిగా చూశారు. ఇవి అరుదైన శ్రేణికి చెందిన వస్తువులనీ, ఇందులోంచి ఒకటి తీస్తే మిగిలినవి మరింత అరుదైపోతాయనీ, అరుదుదనాన్ని అరికట్టడానికి పుట్టిన మండలే అరుదుదనానికి పాల్పడితే ప్రజలకి ఏం సమాధానం చెప్పాలనీ అడిగారు. పోనీ, ఇవి పనిచేస్తాయా అని అడిగాను. ఆయన మొహం ముడుచుకుపోయింది.

"పరీక్షించడమంటే వాడడమే కదండీ. వాడితే అరుగుతుంది. మండలి వస్తువును వినియోగ దృష్టితో చూడదు, సంఖ్యా దృష్టితో చూస్తుంది."

సంఖ్యా దృష్టి ఏమిటో కూడా ఓపిగ్గా వివరించారు. ఒకటే ఉంటే అది ఏకైక శ్రేణి, అన్నిటికంటే గొప్పది. యాభై లోపు ఉంటే అరుదైన శ్రేణి. యాభై దాటితే సాధారణ శ్రేణి. సాధారణమైన వాటికి ఈ బంగళాలో చోటు లేదు. ఏసీ గాలి అరుదైన వాటికే మంజూరయింది.

అప్పుడు నేనొక తెలివితక్కువ పని చేశాను. ఆయన మనసు కరుగుతుందేమోనని సామ్రాజ్యం గారి సంగతి చెప్పాను. గొంతు పోయిన మనిషి, ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఒక్క టేపు, ఆవిడ ఒక్కసారి వినాలనుకోవడం, అంతా చెప్పాను. ఆయన మనసు నిజంగానే కరిగింది, కాకపోతే వేరే వైపుకి. "ప్రపంచంలో ఇదొక్కటేనా?" అని రెండుసార్లు అడిగారు. కళ్ళు మెరిసిపోయాయి.

రెండో రోజే మండలి వ్యాను మా బిల్డింగు ముందు ఆగింది. సామ్రాజ్యం గారికి శాలువా కప్పారు. టేపుని ఏకైక శ్రేణిలో చేర్చామని చెప్పి, దాని డబ్బాకి లక్క సీలు వేశారు. మండలి ప్రదర్శన ప్రారంభోత్సవం దాకా ఆవిడే దానికి గౌరవ సంరక్షకురాలట. ఆ తరవాత మండలి స్వాధీనం చేసుకుంటుందట. అప్పటిదాకా మోగించడం గానీ, మోగించే ఉద్దేశంతో చూడడం గానీ నిషేధం.

వాళ్ళు వెళ్ళాక ఆవిడ శాలువా తీసి మడత పెట్టింది. "బతికుండగానే దండేసినట్టుంది" అంది. నామీద కోప్పడి ఉంటే బాగుండేది. నా నోటిదురదకి ఆవిడ టేపు కూడా పోయింది.

మర్నాడే మండలికి పరిగెత్తాను. నిరంజనరావు గారు మంచి హుషారుగా ఉన్నారు. మంత్రిగారు ప్రారంభోత్సవానికి వస్తున్నారు, కాకపోతే ఏకైక శ్రేణి వస్తువు ఉంటేనే వస్తారు. పక్క జిల్లా శాఖ దగ్గర ఒకే ఒక గ్రామఫోను ముల్లు ఉంది. మొన్న మంత్రిగారు అక్కడికి వెళ్ళి దానితో ఫొటో కూడా దిగారు.

"వాళ్ళది ఒకటే ముల్లు. మన దగ్గరేమో నలభై పైచిలుకు వాల్వులు. ఇది మా శాఖకి తీరని అవమానమండీ. అందుకని సంఖ్యా నియంత్రణ చేపడుతున్నాం."

సంఖ్యా నియంత్రణ అంటే ఒక్కటి ఉంచి మిగతావి పగలగొట్టడం. మిగిలిన ఒక్క వాల్వునీ, సామ్రాజ్యం గారి టేపునీ ఒకే గాజుపెట్టెలో పక్కపక్కన పెడతారు. వినిపించే సాధనం, వినిపించవలసిన గొంతు, రెండూ శాశ్వత మౌనంలో ఉంటాయని ఆయన కవిత్వం కూడా చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా దిగమింగుకుని, ఎలాగూ పగలగొట్టేవాటిలో ఒకటి నాకు పారెయ్యమని చేతులు జోడించాను.

ఆయన నవ్వారు. "మీ ఇంట్లో ఒకటుంటే మాది ఏకైకం ఎలా అవుతుంది సార్?"

ఫిజిక్సంటే లాజిక్కే. పాతికేళ్ళుగా పిల్లలకి చెప్తున్నాను. ఆ వాక్యంలో తప్పు ఎక్కడుందో నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఇంటికొచ్చి సామ్రాజ్యం గారికి జరిగింది చెప్పి, ఆ నిరంజనరావుని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిడ సావధానంగా విని, యాభై సంగతి ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. అప్పుడు భుజాలు కదుపుతూ నవ్వడం మొదలుపెట్టింది. చప్పుడు లేని నవ్వు.

"యాభై దాటితే బయటికి గెంటుతానన్నాడు గదా. దాటించు."

వాల్వు ఒక్కటే దొరక్క చస్తుంటే యాభై ఎక్కణ్ణించి తేవాలని విసుక్కున్నాను.

"పనిచేసేవే కావాలన్నాడా?" అంది. "ఎనకటికి మాకు బుర్రకథ పోటీలు పెట్టేవాళ్ళు. ఏ దళానికి ఎక్కువ జనం కూసుంటే వాళ్ళకి బహుమతి. ఆఫీసరొచ్చి తలకాయలు లెక్కపెట్టుకుపోయేవాడు. నిద్దరోయేటోళ్ళని గూడా లెక్కేసేవాడయ్యా."

నేను చెప్పులేసుకుని మస్తాన్‌గారి కొట్టుకి పరిగెత్తాను.

రేడియో మెకానిక్కులకి ఒక పద్ధతి ఉంది. మాడిపోయిన వాల్వుని పారెయ్యరు. రిపేరుకి ఇచ్చినవాడు వచ్చి "ఏదీ, మార్చిన పార్టు చూపించు" అంటాడు. చూపించకపోతే నమ్మడు. చూపించాక వాడు తీసుకుపోడు. కాబట్టి ప్రతి కొట్టులోనూ పై అరలో ఒక డాల్డా డబ్బా, దాని నిండా చచ్చిపోయిన వాల్వులు ఉంటాయి. మండలి వాళ్ళు కొట్లు గాలించినప్పుడు బీరువాలు చూశారు గానీ డబ్బాల జోలికి పోలేదు. మస్తాన్‌గారు కబురు పెడితే వన్‌టౌను మెకానిక్కులందరూ డబ్బాలు దింపారు. కొందరైతే ఆ కొట్లు కూడా మానేసి సెల్‌ఫోన్లు అమ్ముకుంటున్నారు, డబ్బా మాత్రం దాచుకున్నారు. అందరం కూర్చుని బియ్యంలో రాళ్ళేరినట్టు ఎనభై ఆరులు ఏరాం.

దానం తీసుకోవడం మండలికి మహా ఇష్టం. దానాన్ని తిరస్కరించే నిబంధన అసలు లేనే లేదు. దాతల సంఖ్య పెంచమని పైనుంచి ఒత్తిడి కూడా ఉంది. పొద్దున్నే మస్తాన్‌గారు మొదటి డబ్బాతో వెళ్ళాడు. కౌంటరులో వాళ్ళు సంబరపడి శాలువా కప్పి ఫొటో తీశారు. వెనకాల ఇంకో మెకానిక్కు, ఆ వెనకాల ఇంకొకడు. అప్పటికి పెరట్లో సంఖ్యా నియంత్రణ మొదలైపోయింది. కొబ్బరికాయ కొట్టి, పసుపూ కుంకుమా పెట్టి, నిరంజనరావు గారు స్వహస్తాలతో సుత్తి పట్టారు. ముందు గుమ్మంలోంచి వాల్వులు లోపలికి వస్తున్నాయి, వెనక పెరట్లో టప్ టప్ మని పగులుతున్నాయి. నేను వసారాలో నిలబడి, దూది పొత్తిళ్ళలో మంచివి ఎన్ని పోతున్నాయోనని గుండె చిక్కబట్టుకుని వింటున్నాను.

అదృష్టం ఏమిటంటే ప్రభుత్వ బీరువాలో ఆఖర్న పెట్టిందే ముందు పైకొస్తుంది. సుత్తి కిందికి పోయినవి ఎక్కువగా మస్తాన్‌గారి శవాలే. మధ్యాహ్నానికి శాలువాలు అయిపోయాయి, తువ్వాళ్ళు కప్పడం మొదలుపెట్టారు. ఎంత కొట్టినా బీరువాలో సంఖ్య పెరుగుతోందే తప్ప తగ్గడం లేదు. నిరంజనరావు గారి చొక్కా తడిసిపోయింది. "అరుదైన వస్తువు ఇంత ఎక్కువగా ఎలా ఉంటుంది?" అని ఆయన నన్నే అడిగారు. మండలి కృషి ఫలించినట్టుందని చెప్పాను.

యాభై దాటింది. వంద దాటింది. సుత్తి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. ఎందుకంటే, ఆయనకి నిబంధనలు కంఠతా వచ్చు. అరుదైన వస్తువుల్ని నియంత్రించే అధికారం మండలికి ఉంది. సాధారణ వస్తువుల్ని పగలగొట్టడం మాత్రం ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించడమే. ఉంచుకోవడానికి వీల్లేదు, పగలగొట్టడానికి వీల్లేదు. మంత్రిగారు బయల్దేరారని ఫోనొచ్చింది.

ఆయన అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి టైపు చేయించారు. వాల్వులూ, వాటికి సంబంధించిన సమస్త శబ్ద సామగ్రీ ఈ రోజు నుంచి సాధారణ శ్రేణి అనీ, వాటిని అడిగినవారు తక్షణం తరలించుకు పోవలెననీ దాని సారాంశం. ఆ సమస్తంలో సామ్రాజ్యం గారి టేపు కూడా వచ్చేసింది. ఆ తరవాత వసారాలోకొచ్చి నా చేతులు పట్టుకున్నారు.

"మీరు మొదట్నుంచీ అడుగుతూనే ఉన్నారు కదండీ. దయచేసి పట్టుకుపోండి."

రెండు ఆటోల్లో తెచ్చుకున్నాం. మంత్రిగారు వచ్చి ఖాళీ బీరువాకి రిబ్బను కత్తిరించి, ఒక్కటి ఉండడం కంటే ఒక్కటీ లేకపోవడం ఇంకా అరుదైన విషయమని ప్రసంగించారట. నిరంజనరావు గారికి ప్రమోషను వచ్చింది. పక్క జిల్లా వాళ్ళు ఆ ముల్లుని ఏం చెయ్యాలా అని ఆలోచిస్తున్నారట.

దూది అంటుకున్న వాల్వులు వెతికి ఒక్కొక్కటీ నేను కట్టిన సర్క్యూటులో పెట్టి చూశాను. చాలావాటికి దీపం వెలగలేదు. కొన్ని వెలిగి బుస కొట్టాయి. ఒక్కటి మాత్రం నిండుగా వెలిగి, పెద్దమనిషిలా నిశ్శబ్దంగా కూర్చుంది. సామ్రాజ్యం గారు పట్టుచీర కట్టుకుని వచ్చింది. లక్క సీలుని తనే గోటితో పెళ్ళగించింది. మస్తాన్‌గారూ, మా ఆవిడా వచ్చి కూర్చున్నారు. టేపు ఎక్కించి, దేవుడా అనుకుని మీట నొక్కాను.

గరగరమని ఒక మగగొంతు మొదలైంది. "సభాధ్యక్షులకూ, వేదిక నలంకరించిన పెద్దలకూ..."

ఎవరో జిల్లా అధికారి. నీటి పారుదల గురించి చెప్పాడు. ఎరువుల గురించి చెప్పాడు. తన శాఖ సాధించిన ప్రగతిని గ్రామాల వారీగా చెప్పాడు. టేపు తిరుగుతూనే ఉంది, పొట్టు రాలుతూనే ఉంది. స్పూలు సన్నబడిపోతోంది. ముందుకి తిప్పుదామంటే టేపు తెగుతుందని భయం. ఆయన చిన్నమొత్తాల పొదుపులోకి వచ్చాడు. నేను సామ్రాజ్యం గారి మొహం చూడలేక వాల్వు వంక చూస్తూ కూర్చున్నాను.

"ఆరోజు గుర్తుంది," అని ఆవిడ గుసగుసలాడింది. "తంబురా భుజానేసుకుని ఎనకాల నిలబడే ఉన్నా. ఎంతకీ దిగడే. నా పేరు రాసి, వాడి గొంతు దాచారన్నమాట."

ఆఖరికి అతను దయతలిచి, ఇప్పుడు సామ్రాజ్యం దళం వారు అన్నాడు. అందెలు గల్లుమన్నాయి. తంబురా ఒక్కసారి మోగింది.

"తందాన తానా! లేలేవరో తమ్ముడా, లేచి కూకోరా! తెల్లారే లోపల తేల్చేస్త కథరా! నిద్దర నీకేటికి, నీ ఊరి..."

టేపు అయిపోయింది. కొస రీలు చుట్టూ టపటపా కొట్టుకుంటోంది.

నేనలాంటి గొంతు వినలేదు. ఇంత చిన్న స్పీకర్లోంచి వచ్చి, మా ముగ్గుర్నీ కూర్చున్నచోటు నుంచి లేపి నిలబెట్టింది. మేం నిలబడ్డట్టు మాకే తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఆ అధికారి బతికుంటే ఇంటికెళ్ళి తిట్టి వచ్చేవాణ్ణి.

సామ్రాజ్యం గారు మాత్రం లేవలేదు. రీలు వైపు వేలు చూపించి, "ఆ ముక్క కోసి తియ్యగలవా?" అంది.

బ్లేడు తీసుకుని ప్రగతి అంతా కోసి బుట్టలో వేశాను. మిగిలిన ముక్క బారెడు ఉంటుందేమో. రెండు కొసలూ అతికిస్తే గుండ్రంగా తిరుగుతూ మళ్ళీ మళ్ళీ మోగుతుందని చెప్పాను. ఆవిడ మధ్యలో ఇంకొంచెం ఖాళీ టేపు అతికించమంది. ఎందుకని అడిగితే, "మూడో పాదం సగంలో తెగింది గదా. మిగతాది నేను అనొద్దూ?" అంది.

మూరెడు ఖాళీ టేపు అతికించి, చుట్టు జారిపోకుండా పక్కన స్టీలుగ్లాసు బిగించి, మీట నొక్కాను. తందాన తానా అని గొంతు లేచింది. మేడమీద వాళ్ళు, కిందింటి వాళ్ళు ఎవరు పాడుతున్నారని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నిద్దర నీకేటికి, నీ ఊరి అన్న దగ్గర గొంతు ఆగి, ఖాళీ టేపు తిరుగుతుంటే, సామ్రాజ్యం గారు మోకాలి మీద తాళం వేస్తూ ముందుకి వంగి, తనకి మిగిలిన గొంతుతో ఆ వాక్యాన్ని పూర్తి చేసింది. మళ్ళీ తందాన తానా అని మొదటికొచ్చింది. ఈసారి ఆవిడ ముందుగానే ఊపిరి పీల్చుకుని సిద్ధంగా కూర్చుంది.